నేను గీసిన అయిదు మెట్లు

మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్క ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే, మెళ్ళో ట్యాగులు వేసుకున్న పాతికమంది గుంపుగా వీధిలోకి వచ్చి సరిగ్గా మా ఎదుట ఆగారు. పాత ఇళ్ళు చూపిస్తూ వాళ్ళని తిప్పుతున్న అమ్మాయి చిన్న మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఈ మెట్లు చూడండి, వందేళ్ళనాటి అసలైన మెట్లు, ఆనాటి మేస్త్రీల సౌందర్య దృష్టికి ఇవే సాక్ష్యం అని చెప్పింది. వెంటనే పాతిక ఫోన్లు పైకి లేచాయి. ఒకాయనైతే వంగి రెండో మెట్టు అంచుని వేలితో నిమిరి, ఇలాంటి పనితనం ఇప్పుడెక్కడుందని పెద్దగా నిట్టూర్చాడు. నాకు నోట్లో కాఫీ చేదుగా తగిలింది. ఉమ్మేద్దామంటే ఎదురుగా మనుషులున్నారు, మింగుదామంటే దిగలేదు. ఎందుకంటే ఆ మెట్లకి వందేళ్ళు లేవు, ఆనాటి మేస్త్రీ లేడు, సౌందర్య దృష్టి అంతకన్నా లేదు. అవి మున్సిపల్ ఆఫీసులో కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఇరవై ఆరేళ్ళ వయసులో నేను గీసిన అబద్ధం. ఆ అబద్ధం మీంచి పడే పోయినేడు మా అక్క తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

ఊరి పేరు రాయను. గోదావరి గట్టు కింద ఉన్న పాత ఊళ్ళలో అదొకటి అనుకోండి. ఆఫీసుల మీదా, నా మీదా నాకున్న అసహ్యం ఊరి మీదికి పాకడం నాకిష్టం లేదు, ఊరు ఏ పాపమూ ఎరగదు.

మా వీధి గట్టుని ఆనుకునే ఉంటుంది. నా చిన్నతనంలో గట్టు ఇప్పుడున్నంత ఎత్తు ఉండేది కాదు. పెద్ద వరద వచ్చిందంటే ఎర్రనీళ్ళు పొర్లి వీధిలోకి వచ్చేసేవి, అందుకే పెద్దలు ఇళ్ళన్నిటినీ నాలుగడుగుల ఎత్తు అరుగుల మీద కట్టుకున్నారు. అరుగులన్నీ ఒకే ఎత్తు. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న సందుల మీద పలకలు పరిస్తే, వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా కాలు తడవకుండా నడిచిపోవచ్చు. ప్రతి ఇంటి అటక మీదా రెండు మూడు వరద పలకలు ఉండేవి, వాటికి ఏటా నూనె రాసి మరీ దాచుకునేవారు. వరద నాలుగు రోజులూ ఆ పలకల మీదే పాలు, మజ్జిగ, పేకాట జట్లు, పురుడు పోసే మంత్రసాని అన్నీ ఇటూ అటూ నడిచేవి. నా యీడువారికి ఇదంతా చెప్పనక్కర్లేదు, ఏ లంకలోనో ఏ రేవులోనో ఇలాంటి నడక మీరూ నడిచే ఉంటారు.

ఇలాంటి వీధిలో ఎవరి ఇల్లు వాళ్ళిష్టం వచ్చినట్టు మార్చుకుంటే కుదరదు కదా. ఒకడు అరుగు జానెడు ఎత్తు చేస్తే పక్కవాడి పలక కూర్చోదు, చూరు మూరెడు ముందుకి లాగితే వర్షపు నీళ్ళన్నీ ఎదుటివాడి గుమ్మంలోకే. అందుకని మా వీధిలో ఒక పద్ధతుండేది, దాన్ని దారం పట్టడం అనేవారు. ఎవరైనా ఇంటి ముందు భాగం ముట్టుకోవాలంటే, మేస్త్రి తాపీ తీయకముందే, ఇటుపక్క ఇంటాయన ఒక కొస, అటుపక్క ఇంటాయన ఒక కొస పట్టుకుని నూలుదారం బిగించి నిలబడేవారు. ఎదురింటివాళ్ళు వచ్చి చూసేవారు. మూడు ఇళ్ళకీ నచ్చిన చోట జేగురుతో ఎర్రటి గీత గీసేవారు, కాఫీలు తాగేవారు, అంతే. అర్జీ లేదు, స్టాంపు లేదు. పోట్లాటలు ఉండేవి కావని అనను, దారం పట్టుకునే తిట్టుకున్నవాళ్ళనీ చూశాను, కాని దారం వదిలేసి వెళ్ళిపోయినవాణ్ణి మాత్రం చూడలేదు.

మెట్ల విషయంలో ఇంకో ముచ్చట ఉండేది. కొత్త మెట్లు కట్టి సున్నం ఆరాక, వీధిలో అందరికన్నా పెద్దావిడ వచ్చి ఎక్కి దిగాలి. మా చిన్నప్పుడు ఆ పెద్దరికం మూలమీది ఇంటి మామ్మగారిది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకుందంటే మెట్టు ఎత్తయినట్టే లెక్క, మేస్త్రి మారు మాట్లాడకుండా పగలగొట్టి మళ్ళీ కట్టాలి. మా ఎదురింటి ప్లీడరుగారు మహా దర్జా మనిషి, కోర్టులో ఆయన దగ్గితే గుమాస్తాలు లేచి నిలబడతారని చెప్పుకునేవారు. అంతటాయన రాజమండ్రి నుంచి రాయి తెప్పించి ఏడు మెట్లు కట్టిస్తే, మామ్మగారు నాలుగో మెట్టు దగ్గర మోకాలు పట్టుకుని, "చూడ్డానికి బాగున్నాయి బాబూ, ఎక్కడానికి కాదు" అంది. ప్లీడరుగారు తెల్లబోయి, తరవాత నవ్వేసి, ఎనిమిది మెట్లు చేయించుకున్నాడు. ఆ పగలగొట్టిన రాయి చాలా ఏళ్ళు వాళ్ళ పెరట్లో తులసికోట చుట్టూ పడి ఉండేది.

మా ఇంటికి మాత్రం మెట్లే లేవు. నాన్నది ధాన్యం వ్యాపారం. రోడ్డు మీంచి బస్తాలు తోపుడు బండిలో నేరుగా ముందుగది కొట్టులోకి ఎక్కించడానికి వీలుగా, అరుగు అంచుని ఆనుకుని ఇంటి పొడవునా రాతివాలు ఒకటి ఉండేది. బండి చక్రాలు అరగదీసి అరగదీసి అది నున్నగా మెరిసేది. ఆ వాలు మీద ఎప్పుడూ తవుడు రాలి ఉండేది, ఎడ్ల బండ్లు ఆగేచోటు కనుక కింద పేడ, ఊక, పిచ్చికలు. మామ్మగారు మాత్రం వీధిలో ఏ ఇంటికి వెళ్ళాలన్నా ముందు మా వాలు మీంచే అరుగెక్కి, అరుగు వెంట అరుగు నడుచుకుంటూ వెళ్ళేది. కాళ్ళు లేనివాడు కూడా మీ ఇంటికి వస్తాడర్రా అని నాన్నతో అంటుండేది. అప్పుడు నాకు ఆ మాట విలువ తెలియలేదు. స్కూలు ఫైనలుకి వచ్చాక ఆ వాలన్నా, ఆ తవుడన్నా నాకు తలవంపులుగా ఉండేది. అక్క పెళ్ళికి నేనే పట్టుబట్టి, ఆ వాలు మొత్తం కనబడకుండా అద్దె తివాచీ పరిపించాను.

తరవాత డ్రాయింగు పరీక్ష పాసై మున్సిపల్ ఆఫీసులో ప్లానింగు సెక్షన్లో ట్రేసరుగా చేరాను. టీ-స్క్వేరు, నల్ల సిరా, మైనపు వాసనేసే ట్రేసింగు గుడ్డ, ప్రింటు తీసే గదిలో కళ్ళు మండించే అమ్మోనియా. ఆ ఉద్యోగం నాకెంత ఇష్టమో చెప్పలేను. అలా ఉండగా పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. పాత వీధుల్లో కాపాడదగ్గ ఇళ్ళ ముఖాలు కొలిచి, వీధి వీధంతా వరుసగా బొమ్మ గీసి పంపమని. మా సూపర్వైజరుగారు చాదస్తపు నిజాయితీపరుడు, ఆఫీసు పెన్సిలుతో సొంత ఉత్తరం రాయని మనిషి. నన్ను పిలిచి, "ఉన్నది ఉన్నట్టు గీయవయ్యా. కొలత నీ పని, అందం నీ పని కాదు" అని టేపు చేతికిచ్చారు.

జంగారెడ్డిగూడెం నుంచి అప్పుడే బదిలీ మీద వచ్చిన తోటి ట్రేసరు ఒకడు టేపు రెండో కొస పట్టుకుని నాతో తిరిగాడు. ప్లీడరుగారి ఇల్లు కొలిచినంతసేపూ ఆ స్తంభాలనీ ఆ మెట్లనీ మెచ్చుకుని, వెనక్కి తిరిగి మా ఇల్లు చూసి, "ఇదేంటండీ, ఇల్లా, రైసు మిల్లా?" అని పగలబడి నవ్వాడు. అది మా ఇల్లని వాడికి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పకపోగా వాడితోపాటు నేనూ నవ్వాను. లోపల కొట్టుగదిలో నాన్న బస్తాలు కుడుతూ ఉన్నాడు, ఆ నవ్వు ఆయనకి వినబడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మర్నాడు బల్ల ముందు కూర్చుని వాలు గీయబోతే చెయ్యి రాలేదు. వీధి బొమ్మ మొత్తం స్తంభాలతో, కమానులతో పెళ్ళివారి వరసలా ఉంటే, మధ్యలో మా ఇల్లొక్కటే ఏటవాలు గీతతో బీదచుట్టంలా కనిపించింది. దాన్ని చెరిపేసి ఎదురింటి మెట్లు తెచ్చి మా గుమ్మానికి అతికించాను. అక్కడ కూడా బుద్ధిగా ఎనిమిది గీయలేదు. కాగితం మీద ఎనిమిది గీతలు దువ్వెన పళ్ళలా కిక్కిరిసి కనిపించాయని, అందం కోసం అయిదు చేశాను. కింద 'ధాన్యం వర్తకుని గృహము' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, మూలన పొడి అక్షరాల సంతకం పెట్టాను. సూపర్వైజరుగారు బొమ్మలో ప్రతి ఇంటినీ మేం రాసుకొచ్చిన కొలతల పుస్తకంతో సరిచూసుకున్నారు గాని, మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి, ఇది నీ ఇల్లే కదయ్యా, నీకు తెలియనిదేముంది అని నవ్వి సంతకం చేసేశారు. అంత చాదస్తపు మనిషీ నన్ను నమ్మిన ఒక్కచోటే మోసపోయారు.

ఉత్త కాగితమే కదా, ఏ బీరువాలోనో చెదలు తింటాయిలే అనుకున్నాను. కొన్నాళ్ళకి నాకు పెద్దాపురం బదిలీ అయింది. నాన్న పోయాడు, వ్యాపారం ఆగింది, ఇల్లు పసుపు కుంకుమల కింద అక్కకి వచ్చింది. ఆ తరవాత ఎప్పుడో వీధులు బాగుచేసే పథకమేదో వచ్చి, ఒక కంట్రాక్టరు ఆ బొమ్మలు చేతపట్టుకుని మా వీధిలో దిగాడు. బొమ్మలో ఏముందో వీధిలో అది ఉండాలన్నది వాడి లెక్క. ఒక ఆదివారం అక్కని చూడ్డానికి వెళ్ళేసరికి మా వాలు లేదు. దాని చోట నాలుగడుగుల ఎత్తుకి అయిదంటే అయిదు మెట్లు, ఒక్కొక్కటి జానెడుకి పైనే ఎత్తు. దారం పట్టినవాళ్ళు లేరు, ఎక్కి చూసిన మామ్మగారు లేదు, ఆవిడ అప్పటికే కాలం చేసింది. అక్క కాఫీ గ్లాసు చేతికిస్తూ, మీ ఆఫీసు కాగితంలో ఇలాగే ఉందటరా అని మాత్రం అంది. నేను కాఫీ తాగాను. బావ స్కూలు మాస్టారు, నిదానస్తుడు, మెట్లు ఎత్తయినా ఇంటికి కళ వచ్చిందిలే అన్నాడు. ఆ మాటకి నేను తలూపాను కూడా.

ఇప్పుడు మా వీధి మొదట్లో పెద్ద బోర్డు ఉంది. వారసత్వ ప్రాంతం, ముందస్తు అనుమతి లేనిదే ఇళ్ళ ముఖభాగాల్లో ఎటువంటి మార్పులూ చేయరాదు అని. నిబంధనలంటే నాకు అసహ్యం లేదండి, జీవితమంతా వాటి మీదే అన్నం తిన్నవాణ్ణి. నిబంధన లేకపోతే ఈపాటికి మా వీధిలో పెంకు అన్నది మిగిలేది కాదని నాకూ తెలుసు. కాని వాటిని వీళ్ళు అమలుచేసే తీరు చూడండి. మామ్మగారి ఇల్లు ఇప్పుడొక లాడ్జి. ముందు గోడ ఒక్కటీ కూలకుండా సరుగుడు బాదులు ఆనించి నిలబెట్టి, దాని వెనక మండువా, వంటిల్లు, నుయ్యి, పెరడు మొత్తం తుడిచిపెట్టి నాలుగంతస్తుల కాంక్రీటు లేపారు. టేకు స్తంభాలు అమ్ముకుని, అదే రంగు పూసిన ఫైబరు గొట్టాలు పెట్టారు, వేలితో కొడితే డొల్లగా మోగుతాయి. అయినా దానికి అనుమతి ఉంది, ముఖం బొమ్మలో ఉన్నట్టే ఉంది కనుక. పైగా నిరుడు బాగా కాపాడిన ఇంటి కింద ఆ లాడ్జి ఆసామికి శాలువా కప్పారు. సున్నపు తెలుపు, జేగురు పట్టీలు తప్ప ఎరగని వీధికి, ఫోటోల్లో బాగుంటుందని ఒకే పచ్చరంగు పూయించి, అదే పాత రంగని చెప్తున్నారు.

ఆ వీధిలోనే మా అక్క ఉంది. ఎనభై దాటాయి. రోజూ సాయంత్రం గట్టెక్కి గోదావరిని చూడకపోతే ఆవిడకి అన్నం సయించేది కాదు, బావ పోయిన నెలలో కూడా ఆ అలవాటు మానలేదు. పోయినేడు తోటకూర కట్టలు చేత్తో పట్టుకుని ఎక్కుతూ పైనుంచి రెండో మెట్టు మీద కాలు అందక పడిపోయింది. ఆపరేషను చేశారు గాని నడక రాలేదు, చక్రాల కుర్చీయే గతి. కొడుకు కడియంలో మొక్కల నర్సరీ చేస్తూ పగలంతా అక్కడే ఉంటాడు, కోడలు టీచరు, బంగారంలాంటి పిల్ల, అన్నీ అదే చూసుకుంటుంది. ఆసుపత్రికి వెళ్ళాల్సినప్పుడల్లా నలుగురు కుర్చీ ఎత్తి ఆ మెట్లు దింపాలి. రెండుసార్లు అయ్యాక అక్క ఇంక రానంది. "నలుగురూ మొయ్యడం ఒకసారి ఎలాగూ తప్పదురా, దానికి ఇప్పట్నుంచే అలవాటెందుకు?" అంది నాతో. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

మెట్ల పక్కన కుర్చీ దిగేందుకు ఒక వాలు కట్టుకుంటామని కోడలు అర్జీ పెట్టింది. మూడు నెలలకి జవాబు వచ్చింది: మూలనిర్మాణమైన అయిదు మెట్లకు, ఇంటి ముఖభాగానికి భంగం కలిగించు ఏ మార్పూ అనుమతించబడదు. మూలనిర్మాణం అన్న ఆ మాట చదివినప్పుడు సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నిజం అప్పుడైనా చెప్పొద్దూ? చెప్పలేదు. చెప్పకుండా గట్టెక్కే ఉపాయం వెతికాను. అటక మీద నాన్ననాటి వరద పలకలు ఇంకా ఉన్నాయి. వాటిని దింపి, తుడిచి, మెట్ల మీంచి రోడ్డు దాకా పరిచాము. కట్టడమేదీ కాదు కనుక అనుమతి అక్కర్లేదు అనుకున్నాం. మేనల్లుడూ నేనూ వెనక్కి లాగి పట్టుకుంటే కుర్చీ మెల్లిగా దిగింది. ఆ సాయంత్రం బండ్లబాట మీదుగా అక్కని గట్టెక్కించాం. ఎనిమిది నెలల తరవాత గోదావరిని చూస్తూ, అవతలి లంకలో దీపాలు పెట్టేదాకా అలాగే కూర్చుంది. తిరిగి వస్తూ, నీళ్ళు తగ్గాయేంట్రా, ఇసుక ఎక్కువ కనబడుతోంది అని మాత్రం అంది.

రెండు సాయంత్రాలే ఆ భాగ్యం. మూడో రోజు ట్రాక్టరు వచ్చి, రోడ్డు మీద ఆక్రమణ కింద పలకలు పట్టుకుపోయింది. వీధి ఫోటోలు పాడవుతున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారట. ఎన్నో వరదల్లో ఊరందరినీ మోసిన పలకలు చెత్త డబ్బాలతోపాటు ట్రాక్టరులో పోవడం చూశాక, ఇంక దాచుకోవడానికి నాకు మొహం మిగల్లేదు. మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను.

నేను పనిచేసిన గదే. ఇప్పుడు అమ్మోనియా వాసన లేదు, ఏసీ ఉంది. అధికారి మా మనవడి వయసువాడు, ఎంతో మర్యాదగా లేచి కుర్చీ చూపించాడు. కంప్యూటరు తెరమీద మా వీధి బొమ్మ తెప్పించాడు. సిరా గీతలు చెక్కు చెదరలేదు, మూలన నా పొడి అక్షరాలు. అవి నావేనని, ఆ అయిదు మెట్లు నా మనసులోంచి పుట్టినవని, ఆ ఇంటికి అసలు ఉన్నది వాలేనని, తోటివాడు నవ్వాడని సిగ్గుపడి అబద్ధం గీశానని, ఏ శిక్ష వేసినా సంతకం పెడతానని చెప్పాను. పక్కన కోడలు నా వంక చూసిన చూపు ఇంకా తగులుతూనే ఉంది. ఆ కుర్రవాడు అంతా శ్రద్ధగా విని, "మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు సార్. కానీ మాకు రికార్డులో ఉన్నదే ఒరిజినల్ అండి" అన్నాడు.

వాలు ఉన్నట్టు ఏదైనా ఫోటో ఉందా అని అడిగాడు. తవుడు రాలిన వాలుకి ఎవరు ఫోటో తీస్తారు? ఉన్నదల్లా అక్క పెళ్ళిఫోటో ఒకటి, వెంట తెచ్చుకున్నదాన్ని తీసి ఇచ్చాను. అందులో బంధువులంతా మా ఇంటిముందు వరసగా నిలబడ్డారు, ఒక కొసనున్న పెదనాన్న తల చూరు దగ్గర, ఇంకో కొసనున్న పిన్ని తల అరుగు అంచు దగ్గర. కళ్ళున్న ఎవడికైనా వాళ్ళు వాలు మీద నిలబడ్డారని తెలుస్తుంది. కాని వాలంతా కప్పేస్తూ నేను పరిపించిన తివాచీ. అధికారి ఫోటోని అటూ ఇటూ తిప్పి, ఇందులో వాలు కనిపించట్లేదండి, మనుషులే కనిపిస్తున్నారు అని జాలిగా తిరిగి ఇచ్చేశాడు. వాణ్ణి తిట్టుకోలేను. నా బల్ల ముందే కూర్చుని, నేను గీసిన కాగితాన్నే నమ్ముతున్నాడు. ఒకసారి కాగితం మీదికి ఎక్కాక అబద్ధానికి కాళ్ళు కాదు, ఏకంగా మెట్లే వచ్చాయి.

ఆ సాయంత్రం అక్క చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. అక్క చేతులు ఆగలేదు. కంట్రాక్టరు కాగితం చూపించిన రోజే ఆ కింది అక్షరాలు చూశానురా, నీకు పలక మీద దిద్దించింది నేనే, ఆ మాత్రం పోల్చుకోలేనా అంది. మరి ఇన్నేళ్ళూ ఎందుకడగలేదక్కా అంటే, "నువ్వే చెప్తావని చూశాన్రా" అంది. ఆ పూట నేను భోజనం చేయకుండా వచ్చేశాను. తిట్టి ఉంటే తినేవాణ్ణి.

మొన్న శనివారం కొట్లో నూలుదారం ఉండ కొని తీసుకెళ్ళాను. ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. పూర్వం చేసినట్టు చేసి, వీధివారంతా ఒప్పుకున్నారని రాయించి మళ్ళీ అర్జీ పెట్టాలన్న ఆశ కాబోలు. కుడిపక్క ఇల్లు ఇప్పుడు కాఫీ హోటలు, శని ఆదివారాలు సాయంత్రం తప్ప తెరవరు. ఎడమపక్క లాడ్జి. కౌంటరులో మనిషిని ఈ కొస కాస్త పట్టుకో బాబూ అంటే, మేనేజరుగారిని అడగాలండి అన్నాడు. ఒక కొస చేత్తో పట్టుకుని వీధి మధ్యలో కాసేపు నిలబడి, దారం మళ్ళీ ఉండ చుట్టుకుని అరుగు మీద పెట్టాను. ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను, మర్నాడు పొద్దున్నే ఆ పాతికమందీ వచ్చారు.

మైకులో మాటలు లోపలికి వినబడినట్టున్నాయి, అక్క కుర్చీ తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. గుంపంతా మరింత సంబరపడిపోయి ఆవిడ వైపు ఫోన్లు తిప్పారు. ఫోటో తీసుకోవచ్చా మామ్మగారూ అని అడిగింది ఆ అమ్మాయి. అక్క దానికి జవాబు చెప్పకుండా, ఒకసారి ఎక్కి రామ్మా అంది. అమ్మాయి నవ్వుతూ బయల్దేరింది. పాతికేళ్ళు కూడా ఉండవు, అయినా మూడో మెట్టు దగ్గర తనకి తెలియకుండానే మోకాలి మీద చెయ్యి వేసుకుంది. అక్క ఆ చేతినే చూసింది.

"చూడ్డానికి బాగున్నాయి కదమ్మా. ఎక్కడానికి కాదు" అంది.

అందరూ గొల్లున నవ్వారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు, ఎవరో మళ్ళీ ఒకసారి అనండి మామ్మగారూ, వీడియో సరిగా రాలేదు అన్నారు. తరవాత అమ్మాయి గడియారం చూసుకుని వాళ్ళని లాడ్జి గోడ చూపించడానికి తీసుకెళ్ళిపోయింది.

ఇవాళ మా వీధిలో అందరికన్నా పెద్దావిడ మా అక్కే. ఆ మాట చెప్పే హక్కు ఇప్పుడు ఆవిడదే. ప్లీడరుగారంతటివాడు తలవంచిన మాట అది. ఆ రోజుల్లో అయితే చేతిలో కాఫీ చల్లారేలోపు మేస్త్రి గునపం ఎత్తేవాడు. ఆ రోజుల్లో ఇంటికి ఎవరు వస్తారు, ఎలా ఎక్కుతారు అని అడిగేవారు, ఇప్పుడు రోడ్డు మీంచి ఎలా కనబడుతుందని అడుగుతున్నారు. ఈ రెండో ప్రశ్న మా వీధిలో మొట్టమొదట వేసినవాణ్ణి నేనే కనుక, ఎవరి మీద ఉమ్మినా అది నా మొహం మీదే పడుతుంది. అక్క మాట ఇప్పుడు పాతిక ఫోన్లలో ఉంది. మెట్లు అలాగే ఉన్నాయి, అక్క గుమ్మంలోనే ఉంది, గోదావరి వంద అడుగుల దూరంలోనే ఉంది.